ఎవరి తాళం వాళ్ళదే

ఫిబ్రవరి 3, సోమవారం

నా చేతిరాత వంకరగా ఉన్నందుకు క్షమించాలి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో నాకు ఎప్పుడూ సందేహమే. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తరువాత నేను రాసిందల్లా వంటింటి గోడ మీద గ్యాసు బండ మార్చిన తేదీలే.

మాస్టారు ఈరోజు మా పద్నాలుగు మందికీ తలొక నోటుబుక్కు ఇచ్చారు. రోజూ ఐదు లైన్లు రాయాలట. "ఏం రాయమంటారు సార్?" అని మాలో లారీ డ్రైవరు భార్య ఒక్కతే అడిగింది. "మీ ఇష్టం. చేతికి అలవాటు కావాలి. రేపు యంత్రం దగ్గర ఏదైనా జరిగితే కాగితం మీద పెట్టాల్సింది మీరే. నేను చూడను, దిద్దను," అన్నారు. చూడనని చెప్పి చూస్తారేమోనని ముందుగానే క్షమాపణ రాసి పెట్టాను.

ఐదు లైన్లు దాటాయి.

ఫిబ్రవరి 4, మంగళవారం

నేను ఇందులో ఎలా చేరానో నాకే వింతగా ఉంది. పోయిన నెల కాలేజీ నుంచి ఒక మేడమ్ మా వీధి కుళాయి దగ్గరికి వచ్చి నిలబడింది. పెద్ద కాలేజీ వాళ్ళు కుళాయి దగ్గర నిలబడతారని ఎవరనుకుంటారు? బకెట్లు నిండేదాకా మాట్లాడుతూనే ఉంది. యంత్రాల మరమ్మతులో సహాయకులుగా పది వారాల శిక్షణ, ఐదో తరగతి చాలు, చివరి రెండు వారాలు అట్టపెట్టెల ఫ్యాక్టరీలోనే పని, బాగా చేసిన నలుగురికి అక్కడే ఉద్యోగం అని చెప్పింది.

మా ఆయన తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నది ఆ ఫ్యాక్టరీలోనే. కాగితం చూసి నవ్వారు. "నోట్లో నాలుక లేదు, నువ్వు మరమ్మతులు చేస్తావా?" అన్నారు.

అత్తయ్య మాత్రం, "వెళ్ళనీరా. పొద్దస్తమానం గోడలతో మాట్లాడుతోంది. కాసేపు మోటార్లతో మాట్లాడుకుంటుంది," అంది. అత్తయ్య నా వైపు మాట్లాడిందో, నన్ను తిట్టిందో ఇప్పటికీ తెలియలేదు. ఆయన సరేనన్నారు. వారంలో మానేస్తానని అనుకున్నట్టున్నారు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈరోజు తాళం పాఠం. మాస్టారిని అందరూ తాళాల మాస్టారు అని ఎందుకంటారో అర్థమైంది.

కాలేజీ వెనక రేకుల షెడ్డులో గోడకు ఒక ఇనుప పెట్టె ఉంది. దానికి పక్కన కిందికి దించే పెద్ద పిడి. అది మెయిన్ స్విచ్. దూరంగా బల్ల మీద పచ్చ బటన్. యంత్రంలోకి మనిషి చేయి పెట్టాలంటే ముందు పిడి దించాలి. దించిన పిడికి తన సొంత తాళం వేయాలి. తాళంచెవి మెళ్ళో వేసుకోవాలి. తరువాత బటన్ నొక్కి చూడాలి. మోటారు తిరగకపోతేనే చేయి పెట్టాలి. బయటికి వచ్చాక ఎవరి తాళం వాళ్ళే తీసుకోవాలి. ఇంకొకరు తీయకూడదు. అన్నయినా, బాసయినా, దేవుడైనా సరే.

"ఆపు, తాళం వెయ్యి, నొక్కి చూడు, అప్పుడు దిగు." ఇరవైసార్లు అనిపించారు. నా గొంతు నాకే వినిపించలేదు.

తాళం వేసి ఉండగా మాస్టారు బటన్ నొక్కారు. పెట్టెలోపల టక్ మంది. మోటారు కదల్లేదు. నేను మాత్రం అడుగు వెనక్కి గెంతాను. అందరూ నవ్వారు.

"నవ్వకండి. భయపడ్డదే బాగా విన్నది. ఆ టక్ అంటే ఏంటి? మిమ్మల్ని చంపడానికి ఒకడు బటన్ నొక్కాడు, తాళం వాణ్ణి ఆపింది అని," అన్నారు మాస్టారు.

లారీ డ్రైవరు భార్య మెల్లగా, "మా అత్త నోటికి ఇలాంటి తాళం దొరుకుతుందా సార్?" అంది. ఈసారి మాస్టారు కూడా నవ్వారు.

మార్చి 6, గురువారం

నా తాళం ఇచ్చారు. ఎర్ర రంగు. దానికి వేలాడే ప్లాస్టిక్ చీటీ మీద పేరు మనమే రాసుకోవాలి. నా పేరు మూడుసార్లు రాసి తుడిచి నాలుగోసారి సరిగ్గా రాశాను. ఇంట్లో ఉన్న తాళాలన్నీ ఆయనవి, అత్తయ్యవి. ఇది ఒక్కటే నాది.

తాళంచెవి తాడు మెళ్ళో వేసుకుని ఇంటికి వచ్చాను. "ఏంటది, పిల్లికి గంట కట్టినట్టు?" అంది అత్తయ్య.

మార్చి 31, సోమవారం

ఫ్యాక్టరీలో మొదటి రోజు. గేటు దాటాక ఆయన నన్ను తెలియనట్టే నడిచారు. నేనూ అలాగే నడిచాను.

నన్ను గుజ్జు తొట్టి దగ్గర వేశారు. అది ఆయన పని చేసే చోటే. పాత అట్టలన్నీ బెల్టు మీద వచ్చి మా ఇల్లంత తొట్టిలో నీళ్ళలో పడతాయి. అడుగున రెక్కల మర తిరిగి గుజ్జు చేస్తుంది. అట్టల కట్టలకు ఉండే తీగలు రెక్కలకు చుట్టుకుంటాయి. రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్ళు వదిలేసి, నిచ్చెన వేసుకుని, ఎవరో ఒకరు లోపలికి దిగి తీగలు కోయాలి. ఎవరో ఒకరంటే ఆయనే.

మెయిన్ స్విచ్ తొట్టి పక్కనే ఉంది. పచ్చ బటన్ మాత్రం పైన గాజు క్యాబిన్‌లో. అక్కడ కూర్చునేది ఆయన స్నేహితుడు. ఆయనకు ఈ ఉద్యోగం ఇప్పించింది అతనే. సెలవు రోజున మా ఇంటికే టీకి వస్తాడు, నేను అన్నయ్య అంటాను. క్యాబిన్ నుంచి తొట్టి లోపల కనపడదు. నిచ్చెన పైమెట్టు మాత్రం కనిపిస్తుంది.

గోడకు ఎర్ర బోర్డు మీద వరసగా తాళాలున్నాయి. వాటి మీద వేలితో పేరు రాసేంత దుమ్ము ఉంది.

ఏప్రిల్ 1, మంగళవారం

ఆయన తాళం వేయకుండానే దిగారు. "దిగుతున్నా!" అని ఒక కేక, పైనుంచి "దిగు!" అని ఒక కేక. అంతే.

నేను సరిగా చూసి ఉండను.

ఏప్రిల్ 2, బుధవారం

సరిగానే చూశాను. మూడుసార్లు దిగారు. మూడుసార్లూ అంతే.

ఏప్రిల్ 4, శుక్రవారం

రాత్రంతా అనుకుని, ఈ పొద్దున టీ ఇస్తూ అన్నాను. "ఏమండీ, తాళం వేసుకుని దిగొచ్చు కదా."

ఆయన గ్లాసు పెదవుల దగ్గరే ఆపి నన్ను చూశారు. పెళ్ళయిన రెండేళ్ళలో నేను ఆయనకు సలహా చెప్పడం అదే మొదలు.

"తాళం వేసి తీసేలోపు నేను నాలుగు తీగలు కోస్తా. తొమ్మిదేళ్ళుగా దిగుతున్నా. నా తాళం పైన కుర్చీలో కూర్చుని ఉంటాడు. వాడికంటే పెద్ద తాళం మీ కాలేజీలో ఉందా?"

"అది కాదండీ..."

"ఏది కాదు? నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతావా? అక్కడ నోరు తెరిచావంటే నా పరువు పోతుంది. విన్నావా?"

విన్నాను. గ్లాసు కడిగేశాను.

ఏప్రిల్ 7, సోమవారం

తీగలు. తీగలు. తీగలు.

ఏప్రిల్ 9, బుధవారం

ఈరోజు తాళం తీయడం మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. తాళంచెవి నా మెళ్ళోనే ఉండిపోయింది. గుజ్జు లైను గంటన్నర ఆగిపోయింది.

మధ్యాహ్నం మూడున్నరకు ఆయన దిగారు. నేను పనిముట్ల ట్రే పట్టుకుని కింద నిలబడ్డాను. అందరూ పైన క్యాబిన్ వైపు చూస్తున్నారు. పిడి దించి నా తాళం వేశాను. ఎవరూ చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆయన పైకి వచ్చాక తీసేద్దామనుకున్నాను. నాలుగు గంటలకు మా శిక్షణ సమయం అయిపోయింది. మరిచిపోయి వచ్చేశాను.

ఐదున్నరకు ఆయన ఇంటికి వచ్చారు. నడిచి కాదు, పరిగెత్తి. మెట్ల మీద అడుగులు వినగానే నాకు తెలిసిపోయింది. గుమ్మంలోనే చేయి చాచారు.

"తాళంచెవి."

"అది ఎవరికీ ఇవ్వకూడదండీ. నేనే వచ్చి తీయాలి."

"నువ్వే వచ్చి తీయాలా? అక్కడ యాభై మంది నవ్వుతున్నారు! సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? 'మీ ఆవిడ మెళ్ళో ఫ్యాక్టరీ ఉందట, పోయి అడుక్కురా' అన్నాడు. కట్టరు తెచ్చి కోసేద్దామంటే మేనేజరు సంతకం కావాలట, మీ మాస్టారు ఒప్పందంలో రాయించాడట. నా ఖర్మ!"

అత్తయ్య లోపలి నుంచి, "తాళం వేసి ఇంటికి రావడమేమిటే, వాళ్ళది బీరువా అనుకున్నావా?" అంది.

ఆయన వెనకాలే వెళ్ళాను. అందరూ చూస్తుండగా తాళం తీశాను. రెండుసార్లు చెవి జారింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

మరిచిపోయాను. అంతే.

ఇంకొకటి ఉంది. అది రాయను.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున్నే కుళాయి దగ్గరికి అన్నయ్య వచ్చాడు, క్యాబిన్‌లో కూర్చునే అన్నయ్య. రాత్రి నిద్రపోయినట్టు లేడు. నా బకెట్ తనే పక్కకు జరిపి కుళాయి కట్టేశాడు.

"చెల్లమ్మా. నువ్వు విన్నావు కదా?"

నేను తల దించుకున్నాను.

"నిచ్చెన పైన మన ఫ్యాక్టరీ నీలం చొక్కా కనిపించింది. వాడే పైకొచ్చేశాడనుకున్నా. అది ఇంకెవడో, పనిముట్లు అందిస్తున్నాడు. సూపర్‌వైజరు చెవిలో అరుస్తున్నాడు, వెనక లైను ఆగిపోయిందని. నొక్కేశా. తిరగలేదు. ఇదేంటని మళ్ళీ చూస్తే వాడు అప్పుడు ఎక్కుతున్నాడు నిచ్చెన. నీ తాళం లేకపోతే..."

ఆ మాట పూర్తి చేయలేదు.

"వాడికి చెప్పకు తల్లీ. వాడు నన్ను కొట్టినా పడతా. నన్ను చూసే చూపు మారిపోతే బతకలేను. ఉద్యోగం సంగతి దేవుడెరుగు. నిన్ను కాగితం రాయమంటారు. మరిచిపోయానని రాసెయ్. కొత్తదానివి. మరిచిపోతే ఎవరూ ఉరి వెయ్యరు."

నేను ఏమీ అనలేదు. అన్నయ్య నేను ఒప్పుకున్నాననుకున్నాడు. నేను ఏమీ అనకపోతే అందరూ అలాగే అనుకుంటారు. బకెట్ నింపి మెట్లదాకా మోసుకొచ్చి పెట్టాడు.

మరిచిపోయాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

సర్టిఫికెట్లు ఇవ్వాల్సిన రోజు. ఇవ్వలేదు. మాస్టారు నన్ను షెడ్డులో కూర్చోబెట్టి ఒక ఫారం ఇచ్చారు. తాళం ఎందుకు వేశారు, ఎందుకు తీయలేదు, చూసినవారి సంతకాలు. సోమవారానికి నింపి ఇవ్వాలి.

"మరిచిపోయానని రాస్తే ఏమవుతుంది సార్?" అని అడిగాను. నేను అడిగానని మాస్టారికే ఆశ్చర్యం వేసింది.

"తాళంచెవి మరిచి ఇంటికి తీసుకుపోయినవాళ్ళకి సర్టిఫికెట్ లేదు. ఆ నియమం పెట్టింది నేనే. మిగతా పదమూడు మందికి ఇబ్బందేమీ ఉండదు."

"ఇంకోలా రాస్తే?"

మాస్టారు చాలాసేపు ఇనుప పెట్టెను చూశారు. "ఇంకోలా ఉందా?" అన్నారు. నేను ఫారం మడిచాను. "అమ్మా, ఆ ఫ్యాక్టరీ గేటు మనకోసం తెరిపించడానికి కాలేజీకి మూడేళ్ళు పట్టింది. మళ్ళీ మూసేస్తారేమో నాకు తెలీదు. ఆ భయం నాకుంది, నీకు అబద్ధం చెప్పను. కానీ నువ్వు చూసింది రాస్తే దాని కింద నా సంతకం ఉంటుంది."

బయట లారీ డ్రైవరు భార్య కాచుకుని ఉంది. "ఏమైంది పిల్లా? ఇందులో అంత ఆలోచన దేనికి? మరిచిపోయానని రాసిపారెయ్. మా ఆయన ఒకసారి నన్నే బస్‌స్టాండులో మరిచిపోయి లారీ వేసుకుని పోయాడు. ఆయనకెవరైనా లైసెన్సు తీసేశారా?" నవ్వించి, వెంటనే నా మణికట్టు పట్టుకుంది. "నాకు ఆ ఉద్యోగం కావాలి. నీకు తెలుసుగా. నలుగురిలో నేనుంటానని మేడమ్ చెప్పింది. గొడవ చెయ్యకు."

ఇంటికి వచ్చే దారిలో నాలో నేనే లెక్కపెట్టుకున్నాను. మరిచిపోయానని రాస్తే నేను ఒక్కదాన్నే పోతాను. ఉన్నది రాస్తే అన్నయ్య పోతాడు, ఆయన పరువు పోతుంది, పదమూడు మంది ఆశ పోతుంది. ఇంత తేలికైన లెక్క నాకు బడిలో కూడా ఎప్పుడూ రాలేదు.

అది రాయను అన్నాను కదా. ఇప్పుడు రాస్తున్నాను. నోటుబుక్కుకే కదా.

ఆయన లోపల ఉన్నారు. ఏదో పాట కూనిరాగం తీస్తూ తీగను బూతులు తిడుతున్నారు, రెండూ ఒకే గొంతుతో. నా ముందు ఇనుప పెట్టెలో టక్ మంది. ఒక్కసారే. పాట ఆగలేదు. ఆయనకు తెలియదు. పాట ఆగలేదు. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. పాట ఆగలేదు.

ఆయన పైకి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఏంటలా దెయ్యాన్ని చూసినట్టు?" అన్నారు. ఫ్యాక్టరీలో నాతో మాట్లాడిన మొదటి మాట అదే. తాళం తీయమని నా చేతికి చెప్పాను. చేయి లేవలేదు. తీస్తే మళ్ళీ దిగుతారు. ఇంకోసారి దిగుతారు. నాలుగు గంటలయింది. వచ్చేశాను.

ఏప్రిల్ 12, శనివారం

ఫారం మీద "మరిచిపోయాను" అని రాశాను. చక్కగా వచ్చింది అక్షరం. దీర్ఘం కూడా సరిగ్గా పడింది.

ఆయన ఈరోజు పనికి వెళ్ళారు. సాయంత్రం వచ్చేదాకా వీధిలో ఏ చప్పుడైనా కిటికీ దగ్గరికి వెళ్ళాను.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈరోజు జరిగింది మొత్తం రాయాలి.

పొద్దున ఫారం తీసి ఆయన ముందు పెట్టాను. చూసినవారి సంతకం ఆయనదే కావాలి. ఆయన సంతకం బాగా పెడతారు, చదవడం మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. పెన్ను తీసుకుని, "మరిచిపోయానని రాశావుగా?" అన్నారు.

"రాశానండీ."

"మంచిది. పీడ వదిలింది. ఆ తరువాత ఇంటిపట్టున ఉండు." సంతకానికి కాగితం తిప్పుకున్నారు. "రేపు తొట్టి అడుగున రెక్కల దగ్గర పెద్ద పనుంది. సగం రోజు లోపలే ఉండాలి."

నేను కాగితం లాగేసుకున్నాను. అలా ఎలా లాగానో తెలియదు. పెన్ను గీత అడ్డంగా పడింది. ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను వెనకవైపు తిప్పి, నేల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. అరగంట పట్టి ఉంటుంది. ఆయన రెండుసార్లు "ఏమే" అన్నారు. మూడోసారి అనలేదు. అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతూ చూస్తోంది.

"ఏం రాశావో చదువు," అన్నారు చివరికి.

నిలబడి చదివాను. బడిలో చదివించినప్పటిలాగే ప్రతి మాట కిందా వేలు పెట్టుకున్నాను.

"బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు నా భర్త గుజ్జు తొట్టిలోకి తీగ కోయడానికి దిగారు. ఆయన తాళం వేయలేదు. అక్కడ ఎవరూ వేయరు. నేను పిడి దించి నా తాళం వేశాను. నొక్కి చూడమని ఎవరినీ అడగలేదు. అది నా తప్పు. ఆయన లోపల ఉండగా పైన క్యాబిన్‌లో బటన్ నొక్కారు. పెట్టెలో టక్ మని శబ్దం వచ్చింది. మర తిరగలేదు. ఆయన పైకి వచ్చాక తాళం తీయడానికి నా చేయి లేవలేదు. నేను తాళం మరిచిపోలేదు."

"మళ్ళీ చదువు," అంది అత్తయ్య.

మళ్ళీ చదివాను. "ఆయన లోపల ఉండగా" దగ్గర అత్తయ్య చేతిలో చొక్కా కింద పడింది. అది నీలం చొక్కా.

ఆయన తన కుడిచేయి చూసుకున్నారు. భుజం దాకా చూసుకున్నారు. "అప్పుడు నా చెయ్యి ఎక్కడుందో నీకు తెలుసా?" అన్నారు మెల్లగా.

"తెలుసండీ."

"పాట పాడుతున్నా."

"అవునండీ."

లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఎక్కడికి వెళ్ళారో తెలుసు. ఆ కాగితంలో పేరు లేదు, కానీ క్యాబిన్‌లో కూర్చునేది ఒక్కడే.

"చేతిలో ఏమైనా పట్టుకెళ్ళాడా?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా."

"అయితే వస్తాడు." బట్టలు మడత పెట్టింది. మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడత పెట్టింది. "వాడి నాన్న కూడా ఇలాగే. నా మీద అరిచేవాడు, అవతలివాడి దగ్గరికి పోయి ఏడ్చేవాడు." చొక్కా పక్కన పెట్టి, "నీ నోట్లో నాలుక లేదన్నాడు కదూ వాడు?" అంది. "వెధవ."

రెండు గంటల తరువాత ఇద్దరూ వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆయన చొక్కా గుండీ ఒకటి తెగి ఉంది. అన్నయ్య పెదవి చిట్లింది. ఆయన కాగితం బల్ల మీద పరిచి సంతకం పెట్టారు. పెన్ను అన్నయ్య ముందు పడేశారు. అన్నయ్య, "ఇందులో నా పేరు లేదు," అన్నాడు.

"లేకపోతే రాసుకో," అన్నారు ఆయన.

అన్నయ్య తన సంతకం కింద "బటన్ నొక్కింది నేను" అని రాశాడు. రాసి, నన్ను చూడకుండా వెళ్ళిపోయాడు. టీ పెట్టాను. ఎవరూ తాగలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

నిన్న ఫారం ఇచ్చాను. మాస్టారు నిలబడే చదివి, నిలబడే సంతకం పెట్టారు. బీరువాలో ఒక ప్రతి పెట్టి, ఒకటి పట్టుకుని మేడమ్‌తో కలిసి ఫ్యాక్టరీకి వెళ్ళారు.

ఏప్రిల్ 17, గురువారం

గుజ్జు లైను ఆపేశారు. అన్నయ్యను క్యాబిన్ నుంచి తీసి అట్టల గోదాములో వేశారు. ఉద్యోగం తీయలేదు. సూపర్‌వైజరును మాత్రం ఏమీ అనలేదు.

ఈసారి మాలో ఎవరినీ తీసుకోబోమని ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారట.

ఏప్రిల్ 18, శుక్రవారం

కుళాయి దగ్గర లారీ డ్రైవరు భార్య తన బకెట్ నా బకెట్‌కు దూరంగా పెట్టుకుంది. "పుణ్యాత్మురాలు వచ్చింది, జరగండమ్మా," అంది పక్కవాళ్ళతో. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆమె ఉద్యోగం నేనే తీశాను.

ఏప్రిల్ 19, శనివారం

ఆయన మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ కూడా. టీకి అన్నయ్య రాలేదు. మూడు గ్లాసులు పెట్టి ఒకటి తీసేశాను.

ఏప్రిల్ 24, గురువారం

నేను రాసింది తప్పేమో. రాయకపోతే అందరూ నవ్వుతూ ఉండేవాళ్ళు. ఆయన ఇప్పుడు ఎక్కడ ఉండేవారో అది మాత్రం ఆలోచించను.

ఏప్రిల్ 29, మంగళవారం

మాస్టారు ఇంటికే వచ్చారు. ఫ్యాక్టరీ వాళ్ళు కాలేజీని అడిగారట, తమ పనివాళ్ళు అరవై మందికీ తాళం పాఠం చెప్పమని. అది అయ్యాకే లైను మళ్ళీ మొదలుపెడతారట. మాకు ఉద్యోగాల సంగతి ఆ తరువాత చూస్తారట. చూస్తారో లేదో మాస్టారికీ తెలియదు.

"పాఠం నేను చెబుతాను. తాళం వేసి చూపించేది మాత్రం నువ్వు," అన్నారు నాతో.

"నా వల్ల కాదు సార్. అరవై మంది మగవాళ్ళు."

"యంత్రంలో చేయి పెట్టేది వాళ్ళే మరి."

అత్తయ్య తలుపు వెనక నుంచి, "వస్తుంది లెండి," అంది.

మే 5, సోమవారం

పొద్దున నేను తయారవుతుంటే ఆయన జేబులోంచి ఒక ఎర్ర తాళం తీసి బల్ల మీద పెట్టారు. కొత్తది. ప్లాస్టిక్ చీటీ ఖాళీగా ఉంది.

"దీని మీద పేరు రాయాలట," అన్నారు.

"మీకు సంతకం వచ్చు కదండీ."

"సంతకం కాదు. చదివితే తెలిసేలా ఉండాలట." గోడకేసి చూస్తూ అన్నారు. "నువ్వు రాయి."

ఇరవై రెండు రోజుల తరువాత ఆయన నాతో అన్న మాటలు అవి. రాశాను. ఒక్కసారికే సరిగ్గా వచ్చింది.

కాలేజీ షెడ్డు నిండిపోయింది. గోడల వెంబడి కూడా నిలబడ్డారు. లారీ డ్రైవరు భార్య వచ్చి ఉంటుందని అనుకోలేదు. పనిముట్ల ట్రే పట్టుకుని నా పక్కనే నిలబడి, "గొంతు పెంచు. నా ఉద్యోగం తీసినప్పుడు వచ్చిందిగా ధైర్యం," అంది చెవిలో. ఆయన మూడో వరసలో ఉన్నారు. అన్నయ్య చివరి వరసలో, తలుపు పక్కన.

"ఆపు," అన్నాను. ఎవరికీ వినపడలేదు. వెనక ఎవరో నవ్వారు. "ఏం లేదురా, మెళ్ళో ఫ్యాక్టరీ ఉన్నావిడ," అన్నారు ఇంకెవరో.

పిడి దించాను. తాళం వేశాను. తాళంచెవి మెళ్ళో వేసుకున్నాను. మాస్టారు బటన్ దగ్గరికి నడుస్తుంటే నేను, "సార్, మీరు కాదు," అన్నాను. అది మాత్రం అందరికీ వినపడింది. "లోపలికి దిగేవాళ్ళే నొక్కి చూడాలి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆయన లేచారు. మూడు వరసలు దాటి, ఎవరి కాళ్ళో తొక్కుతూ, బల్ల దగ్గరికి వచ్చారు. నన్ను చూశారు. నవ్వినవాళ్ళు ఆగిపోయారు. ఆయన వేలు పచ్చ బటన్ మీద పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు.

నొక్కారు.

టక్.

మోటారు కదల్లేదు. ఆ శబ్దం ఎలా ఉంటుందో ఆయనకు నేను మాటల్లో చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు విన్నారు. వేలు తీయకుండా ఆ ఇనుప పెట్టెనే చూస్తూ నిలబడ్డారు. తరువాత తన తాళం తీసి, నా తాళం పక్కన, అదే పిడికి వేశారు. తాళంచెవి మెళ్ళో వేసుకున్నారు.

వెనక తలుపు పక్క నుంచి అన్నయ్య ముందుకు వచ్చాడు. ఆయన కొంచెం జరిగి చోటిచ్చారు.

నోటుబుక్కులో ఇది చివరి పేజీ. నిజం రాసిన కాగితం కాలేజీ బీరువాలో ఉంది, అది ఎవరైనా ఎప్పుడైనా చదవవచ్చు. మరిచిపోయానని ఇన్నిసార్లు రాసుకున్న ఈ పుస్తకం మాత్రం నాది. ఇది మీ చేతికి దొరికితే, అక్షరాలు చూసి నవ్వుకున్నా సరే, ఎవరికీ చూపించకుండా పొయ్యిలో వేసి కాల్చేయండి.